ఆ బెత్తెడు అల్లిక

కొరడా చప్పుడు వేరు, దెబ్బ వేరు. ఈ ఒక్క ముక్క తెలియడానికి నాకు పదేళ్ళ అల్లిక పట్టింది. మీకు ఊరికే చెప్తున్నాను.

ఈ కాలం ఆలుమగలు సరదాకు ఒకరినొకరు కొట్టుకునే వస్తువులు ఇంట్లోనే తయారు చేసుకుంటున్నారట. నా మనవరాలు ఫోన్లో చూసి, పైట నోటికడ్డం పెట్టుకుని నాకు చెప్పింది. నేను ఉలిక్కిపడతాననుకుంది పాపం. చేసుకోండి, నాకేం. ఇద్దరికీ ఇష్టమైతే మధ్యలో నేనెవరిని? కానీ దండెం తాడుతో మాత్రం చేసుకోకండి. ఎందుకు వద్దంటున్నానో చెప్పడానికే ఇదంతా.

నేను కోరుట్ల సంతలో ఎద్దుల కొరడాలు అమ్మేదాన్ని. మాది కోరుట్ల దగ్గరి ఒక ఊళ్ళో మాదిగవాడ. మా ఆయన చెప్పులు కుట్టేవాడు, నేను కొరడాలు అల్లేదాన్ని. అల్లిక మగవాళ్ళ పని. మా నాన్నకు మగపిల్లలు లేక నాకు నేర్పాడు. నేర్పాక, నా చెయ్యి ఆయన చెయ్యి కంటే నున్నగా ఉందని ఆయనకు కొంచెం కోపం కూడా వచ్చింది.

మంచి రైతెవరో కొరడా కొనేటప్పుడే తెలిసిపోయేది. మంచివాడు దాన్ని గాలిలో విసిరి చప్పుడు వింటాడు. ఆ చప్పుడుకే ఎద్దు నడుస్తుంది, ఒంటికి తగలనే తగలదు. చెడ్డవాడు కొసను వేలితో నొక్కి చూసి, "గింత మెత్తగున్నదేంది?" అంటాడు. అలాంటివాడికి నేను అన్నిటికంటే మెత్తటిది చూసి ఇచ్చేదాన్ని. నా వల్ల ఎన్ని ఎద్దుల వీపులు బాగుపడ్డాయో ఆ ఎద్దులకే తెలుసు.

అవి అన్నల, అంటే నక్సలైట్ల, రోజులు. మా ఊరి గడీలో దొర కూర్చునే చోట గోడకు ఒక కొరడా వేలాడేది. అది అల్లింది మా ఆయన వాళ్ళ తాత. దాని దెబ్బ మొట్టమొదట తిన్నదీ ఆయనే. అల్లి తీసుకుపోయి ఇస్తే, "ఎట్లున్నదో చూద్దాం, తిరుగు" అన్నాడట అప్పటి దొర. ఈ ముచ్చట మా అత్తగారింట్లో నవ్వుతూ చెప్పేవాళ్ళు. కొత్త కోడలిగా నేనూ నవ్వాను. రెండోసారి విన్నప్పుడు నవ్వు రాలేదు.

అన్నల సంఘం వచ్చాక ఆ కొరడాను దింపి, చావడి ముందు కాల్చారు. దొర కుటుంబం జగిత్యాలకు మారిపోయింది. కాల్చిన రోజే సంఘం పెద్ద మా వాడలో తోలుపని చేసేవాళ్ళందరినీ నిలబెట్టి మాట తీసుకున్నాడు. పెద్ద అంటే ముసలాయన అనుకునేరు. ఇరవై ఆరో, ఇరవై ఏడో ఉంటాయి. జగిత్యాలలో కాలేజీ చదువు సగంలో వదిలి వచ్చాడు. అందరినీ అక్కా, అన్నా అనేవాడు గానీ, చూపు మాత్రం లెక్క తప్పు చేసినవాణ్ణి పట్టుకున్న పంతులు చూపు.

తోలుకు తూటు పొడిచే ఆరె మాకు దేవుడితో సమానం. దాని మీద చెయ్యి పెట్టి ఒక్కొక్కరం అన్నాం: "ఈ చేతితోని ఎద్దుకు తప్ప దేనికీ కొరడా అల్ల."

"ఈ చేతితోని" అన్న మాట గుర్తుంచుకోండి.

తర్వాత రెండేళ్ళకో మూడేళ్ళకో, కోరుట్ల సంతలో నా ముందు ఒక గొడుగు ఆగింది. గొడుగు కింద చిన్న దొరసాని. అంటే దొరగారి చిన్న కొడుకు భార్య, ముప్పై దాటిన మనిషి. భర్తకు జగిత్యాలలో ఎరువుల దుకాణం.

"మంచిగున్నవా?" అంది.

అంతకు ముందు మమ్మల్ని "ఓసే" అని పిలిచిన ఇల్లు అది. సంఘం పుణ్యమా అని "మంచిగున్నవా" అయింది.

"ఉన్న దొరసానీ. మీకు ఇంక ఎద్దులున్నయా?"

"లేవు."

"మరి కొరడాల దిక్కు చూస్తున్నరు?"

ఆమె నా ముందు గొంతుక్కూర్చుంది. గొడుగు ఇంకొంచెం దించింది. "నీ నోరు గట్టిదేనా?"

"నా అల్లిక కన్న గట్టిది."

అబద్ధం కాదు, నా నోరు అంత గట్టిది కాదని అప్పటికి నాకు తెలియదు.

సంచిలోంచి కాగితంలో చుట్టినదేదో తీసింది. విప్పితే అప్పడాల కర్ర. దాని చివర దండెం కట్టే నైలాన్ తాడు ఆరు ముక్కలు. ఒక్కో ముక్క కొసకు ఒక్కో ముడి.

"గిదేంది?"

"నేనే చేసిన."

"దేనికి? పిల్లులను కొట్టనీకా?"

"మా ఆయనను."

నేను చుట్టూ చూశాను. పక్కన మిరపకాయలమ్మే ఆమె బేరంలో ఉంది. "ఏం చేసిండు గంత పని? తాగి వస్తడా?"

"తాగడు."

"ఇంకో ఆడిదాన్ని...?"

"ఊకో! గట్లాంటిదేం లేదు." ఆమె నా ముందున్న కొరడాలతో మాట్లాడుతున్నట్టు తల వంచుకుని చెప్పింది. "ఆయనకు గట్ల ఇష్టం. నాకు సుత. కోపం వచ్చి కాదు, కోపం లేనప్పుడే. అర్థమైందా?"

అర్థం కాలేదు. కాసేపటికి అయింది. అయ్యాక నా చెవులు వేడెక్కాయి. తాతకు తగిలిన దెబ్బ ఆ ఇంటి చేతిది. ఇప్పుడు ఆ ఇంటి కొడుకే ఇష్టంగా తిరిగి నిలబడుతున్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియక ఆమె ముఖం చూశాను. ఆమె పెదవి కొరుక్కుంటోంది. ఇద్దరికీ ఒక్కసారే నవ్వొచ్చింది. మిరపకాయలామె తిరిగి చూసింది.

"నవ్వకే. మొన్న తోలు లేచింది. నెత్తురచ్చింది. ఇద్దరం భయపడ్డం. ఆయన ఇగ వద్దన్నడు. నాకేమో పానం ఒప్పుతలేదు, నా చేతితోని దెబ్బ తగిలె గద అని."

నైలాన్ తాడును చేతిలోకి తీసుకుని చూశాను. కొసను వేళ్ళతో నులిమాను. "దొరసానీ, ముడి అంటే పన్ను. నైలాన్ అంటే కత్తి. మీరు కత్తికి పండ్లు పెట్టి కొట్టిన్రు. నెత్తురు రాక పాలొస్తయా?"

"అందుకే నీ దగ్గరికచ్చిన. మంచిది ఒకటి అల్లియ్యి."

"అల్ల. ఆరె మీద మాటిచ్చిన."

ఆమె అప్పడాల కర్రను మళ్ళీ కాగితంలో చుట్టి లేచింది. ఆ లేవడం చూస్తే జాలేసింది. జాలి ఒక్కటే అంటే మీరు నమ్మరు, నేనూ నమ్మను. గడీ కోడలు నా ఇంటి నేల మీద కూర్చుంటే ఎలా ఉంటుందో చూడాలని కూడా ఉంది.

"దొరసానీ, ఈ చేతితోని అల్ల అన్న. నేర్ప అన్లే."

*

వస్తువుల కోసం సిరిసిల్ల పోయాను. అక్కడి మరమగ్గాలలో దారం మోసే నాడెను అటూ ఇటూ విసరడానికి తోలు పట్టీలుంటాయి. అవి చేసి ఇస్తూ ఉండేదాన్ని గనక నాకు ఆ వీధులు అలవాటే. తెల్లటి నూలు ఒక పెద్ద చుట్ట, అరిగిపోయిన చెక్క కండె ఒకటి అడిగాను. కండె అంటే నాడెలో దారం చుట్టి పెట్టే కర్ర. అరిగి అరిగి నున్నగా, పిడికిట్లో ఇమిడిపోతుంది. అప్పడాల కర్ర ఎక్కడ, ఇదెక్కడ.

"దేనికక్కా పాత కండె?" అన్నాడు మగ్గం ఆయన.

"దిష్టికి."

"ఎవరికి తగిలింది?"

"ఇంక తగల్లే. తగుల్తది."

దొరసాని మా ఇంటికి మూడుసార్లు వచ్చింది. ఇంట్లో కొండగట్టుకు మొక్కు అని చెప్పి వచ్చేది. జగిత్యాలకు కొండగట్టు ఒక దిక్కు, మా ఊరు ఇంకో దిక్కు. అంజన్న ఆ మూడు వారాలూ మా వాడలోనే వెలిశాడనుకోవాలి.

మా ఆయన గుమ్మం పక్కన చెప్పులు కుడుతూ, తల ఎత్తకుండా, "ఎవరన్న అడిగితే ఏం చెప్తవ్?" అనేవాడు.

"బుట్టలల్లుడు నేర్పుతున్న అంట."

"నీకు బుట్టలల్లుడు ఎప్పుడచ్చింది?"

"నువ్వు కుట్టుకో."

నేర్పడం అంత కష్టమని నాకు తెలియదు. చేతులతో చేసేదాన్ని నోటితో చెప్పాలి. అలవాటుగా చెయ్యి ముందుకు పోతుందని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చునేదాన్ని. దొరసాని చాప మీద మఠం వేసుకుని, నూలు ముందు పరుచుకుని, నాలుక కొస బయటపెట్టి పని చేసేది. గడీ కోడలు నేల మీద కూర్చుంటే ఎలా ఉంటుందో చూశాను. మనలాగే ఉంటుంది.

"పోగులు లావుగ చుట్టున్రి. సన్నపుది కోస్తది, లావుది అద్దుతది."

"ఎన్ని?"

"పన్నెండు. అన్నీ సరి పొడుగుండాలె. ఒక్కటి పొడుగున్నా పక్కకు తిరిగి డొక్కలో కరుస్తది. కొసకు ముడి ఎయ్యొద్దు. కుచ్చు లెక్క ఇడిసిపెట్టున్రి."

"ఏడ కొట్టాలె?" అని అడిగి, అడిగినందుకు తానే ఎర్రబడింది.

"ఎద్దును సుత ఎన్నుపూస మీద కొట్టరు, డొక్కల మీద కొట్టరు. మాంసం ఉన్న కాడనే. ముందుగాల మీ తొడ మీద మీరు కొట్టుకోన్రి. మీకు నొస్తే ఆయనకూ నొస్తది."

"నొయ్యకుంటే ఆయనకు మంచిగనిపియ్యదు గదనే."

"నొచ్చుడు వేరు, గాయం వేరు దొరసానీ. ఇంకొక్క ముచ్చట. ఎద్దును ఆపనీకి 'హో' అంటరు గదా, గా మాట కొట్టేటోని నోట్ల ఉంటది. మీ ఇంట్ల అది తినేటాయన నోట్ల ఉండాలె. ఆయన 'హో' అంటే మీ చెయ్యి గాలిలున్నా ఆగాలె."

ఆమె అల్లడం ఆపి నా వైపు చూసింది. "నీకివన్నీ ఎట్లెర్క?"

"నాకేం ఎర్క లేదు. ఎద్దులెర్క."

గుమ్మం దగ్గర కుడుతున్న చప్పుడు ఆగింది. మా ఆయన దగ్గాడు.

మూడోసారి వచ్చినప్పుడు మెడ దగ్గరికి వచ్చాం. కండెకూ పోగులకూ మధ్య బెత్తెడు చోటు ఉంటుంది. పన్నెండు పోగులూ అక్కడ ఒక్కటై కండెను పట్టుకోవాలి. కొరడా అంతా ఆ బెత్తెడులోనే ఉంది. అది వదులుగా ఉంటే విసిరినప్పుడు పోగు ఊడి కంట్లో పడుతుంది. దొరసాని అల్లింది. వంకర పోయింది. విప్పింది. మళ్ళీ అల్లింది. సందుల్లోంచి కండె కనిపిస్తోంది. మూడోసారి అల్లింది. ఏం చెప్పను, ముళ్ళకంపలో చిక్కిన మేక తోకలా ఉంది.

నా చేతులు తొడల కింద తిమ్మిరెక్కాయి. "ఇటియ్యున్రి జర" అన్నాను. అంతే. నాకు తెలిసేలోపల బెత్తెడు అల్లేశాను. పాము పొట్టలా నున్నగా వచ్చింది. దొరసాని మురిసిపోయింది. నేనూ మురిసిపోయాను. ఆరె గుమ్మం దగ్గర మా ఆయన చేతిలో ఉంది. అది మాత్రం మురిసిందో లేదో.

నూలుకు గంజి పట్టి బిరుసుగా ఉండింది. ఉడికించి ఉతికితే మెత్తబడుతుంది, వచ్చే వారం తీసుకుపొమ్మన్నాను. మరునాడు పొద్దున్నే ఉడికించాను, ఉతికాను, పిండి దులిపాను. ఎక్కడ ఆరేశానంటారా? ఇంటి ముందు దండెం మీద. మా ఆయన లుంగీకీ నా రవికెకూ మధ్య. బట్టలు ఉతికితే అక్కడే ఆరేస్తాం కదా, చెయ్యి దానంతట అదే వేసింది. మనిషి తప్పులన్నీ అలవాటు పనుల్లోనే జరుగుతాయి.

*

ఇక్కడ మీరొక సంగతి తెలుసుకోవాలి. దొరసాని రాకపోకలు వాడంతా చూసింది. చూసినదాని కంటే ఎక్కువ మాట్లాడుకుంది. "గడీ మళ్ళ కొరడా అల్లిస్తున్నదట. చిన్న దొర ఊరికి తిరిగి వస్తడట, మళ్ళ వెట్టి మొదలట." ఈ మాట సంఘం దాకా పోయింది. ఆ రోజుల్లో అలాంటి మాట ఒక మనిషి మీద పడితే అది మాటగా ఉండిపోయేది కాదు. పక్క ఊళ్ళో ఒక దొర శవం రోడ్డు మీద రెండు రోజులు పడి ఉండటం నేను చూశాను. నేను చెప్పేది నవ్వుల కథే, కానీ నవ్వు కింద నేల అది.

ఆరేసిన రోజే, పొద్దు ఇంకా ఎక్కకముందే, సంఘం పెద్ద వచ్చాడు. వెంట ముగ్గురు. వాళ్ళలో ఒక పొడుగాయన రైతుబిడ్డ, నా దగ్గర ఎద్దులకు కొరడాలు కొన్నవాడే. దండెం ముందు పెద్ద ఆగాడు. లుంగీ చూశాడు. రవికె చూశాడు. మధ్యలోది చూశాడు.

"ఇదేందక్కా?"

వాడంతా పోగైంది. మా ఆయన తల ఎత్తలేదు, కుడుతూనే ఉన్నాడు.

"నూలు తమ్మీ. ఉతికి ఆరేసిన."

"దొరసానికా?"

"ఆమెదే. ఆమెనే అల్లుకున్నది. నా చెయ్యి పడలే. ఆరె మీద మాట ఉన్నది గద."

నా తెలివికి నేనే లోలోపల మెచ్చుకుంటున్నాను. అప్పుడు పొడుగాయన ముందుకు వచ్చి, కొరడాను దండెం మీద నుంచి తీసి, మెడ దగ్గర బొటనవేలితో రాసి చూశాడు.

"అన్నా, మిగిలింది ఎవరు చేసిన్రో నాకెర్క లేదు. ఈ బెత్తెడు మాత్రం అక్క చెయ్యే. మా ఎద్దుల కొరడాకు గిదే అల్లిక. సుట్టు పది ఊర్లల్ల ఇంకెవలకు రాదు."

ఇంత పొగడ్త నా జీవితంలో నాకెవరూ ఇవ్వలేదు. ఇంత భయం కూడా.

మంచం మీద సంఘం పెద్ద కూర్చున్నాడు. "మాట తప్పినవ్. ఎందుకు తప్పినవో తర్వాత చూద్దాం. ముందుగాల గిది చెప్పు. చిన్న దొర కొరడా ఎందుకు చేపిచ్చుకున్నడు? ఎవర్ని కొట్టనీకి?"

చెప్తే దొరసానికి ఇచ్చిన మాట పోతుంది. చెప్పకపోతే చిన్న దొర ప్రాణం మీదికి వస్తుంది. నా సంగతి సరే. ఆరెకు ఇచ్చిన మాట ఎలాగూ పోయింది. ఒక్క రోజులో రెండు మాటలు పోగొట్టుకున్నదాన్ని మా వాడలో నేనే.

"నీ ఒక్కనికే చెప్త తమ్మీ."

"సంగంల దాపరికం ఉండది. అందరి ముంగట చెప్పు."

నాకు అప్పుడు ఎక్కడ నుంచి వచ్చిందో ధైర్యం. భయం ఎక్కువైతే ఒక్కోసారి అటు నుంచి తిరిగి వస్తుంది. "తమ్మీ, ఒక్కటడుగుత. సంగం ఇంటి తలుపు దాకనేనా, తలుపు లోపలికి సుత వస్తదా?"

"అంటే?"

"ఆలుమొగల ముచ్చట. నీకు పెండ్లయిందా?"

గుంపులో ఎవరో కిసుక్కున నవ్వారు. సంఘం పెద్దకు ముఖం ఎర్రబడింది.  తర్వాత వాడవాళ్ళందరినీ పొమ్మన్నాడు. తనవాళ్ళు ముగ్గురినీ ఉంచుకున్నాడు. మా ఆయన పోలేదు. పొమ్మన్నది ఆయనకు వినబడలేదు.

"చెయ్యి పట్టు తమ్మీ" అన్నాను.

పట్టాడు. పొడుగాయన చేతిలోంచి కొరడా తీసుకుని ఎత్తాను. విసిరాను. ఛళ్ళుమంది. సంఘం పెద్ద గట్టిగా కళ్ళు మూసుకున్నాడు. తెరిచి తన అరచెయ్యి చూసుకున్నాడు. తిప్పి చూశాడు.

"ఏమన్న అయిందా?"

"జర వెచ్చగున్నది."

"దీంతోని వెట్టి చేపిస్తరా ఎవరన్న? ఈగ సుత చావది. చప్పుడే ఉంటది." ఇక దాచి లాభం లేదు. గొంతు తగ్గించి, వాళ్ళ నలుగురికే వినబడేలా మొత్తం చెప్పాను. అప్పడాల కర్ర, నైలాన్ తాడు, నెత్తురు, కొండగట్టు, అన్నీ. 'హో' అనే మాట సంగతి కూడా చెప్పాను.

నలుగురూ నాలుగు దిక్కులు చూశారు. అడవిలో తుపాకీ చప్పుళ్ళకు బెదరనివాళ్ళు అట. చివరికి పెద్దే గొంతు సవరించుకున్నాడు.

"ఇద్దరికీ ఇష్టమేనా అక్కా? బలవంతం ఏం లేదు గద?"

"ఇద్దరికీ."

"మరి... కొట్టేది ఎవరు? దొరనా?"

"దొరసాని."

"తినేది?"

"దొర."

 పొడుగాయన నెమ్మదిగా కొరడాను నా చేతిలోంచి తీసుకుని, పైకీ కిందికీ చూసి, బాధగా అన్నాడు: "దొరను కొట్టేదా? మరి జర గట్టిగ అల్లకపోయినవ్ అక్కా!"

ఇక ఆగలేదు. పెద్దే ముందు నవ్వాడు. మంచం కిర్రుమంది. నేను గుమ్మం పట్టుకుని నవ్వాను. వీధి చివర నిలబడ్డవాళ్ళకు ఏమీ తెలియదు గానీ, సంఘం నవ్వుతోందని వాళ్ళూ నవ్వారు. మా ఆయన మాత్రం నవ్వలేదు. ఆయన అప్పటిదాకా భయంలో కుట్టినది చూసుకున్నాడు. ఎడమ చెప్పునూ కుడి చెప్పునూ కలిపి కుట్టేశాడు.

నవ్వు అయ్యాక కళ్ళు తుడుచుకుని పెద్ద లేచాడు. పంతులు చూపు తిరిగి వచ్చింది. "చిన్న దొర సంగతి ఇడిసిపెడుతున్నం. సంగం తలుపు దాకనే. కానీ నువ్వు మాట తప్పింది తప్పే. గా బెత్తెడు నీ చేతితోనే విప్పు. ఆమెదామె అల్లుకోని."

వాళ్ళ ముందే విప్పాను. అంత మంచి అల్లిక నేను మళ్ళీ చెయ్యలేదు.

*

మధ్యాహ్నం బస్సుకే జగిత్యాల పోయాను. విప్పిన కొరడాను దొరసాని ముందు పెట్టి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆమె ముఖం మొదట తెల్లబడింది, తర్వాత గట్టిపడింది.

"నోరు గట్టిదంటివి."

"అన్న. కాలే."

"నలుగురికి చెప్పినవా?"

"నలుగురికే."

ఆమె లోపలికి పోయింది. పొమ్మనలేదు, ఉండమనలేదు. నేను వరండాలో నిలబడ్డాను. కాసేపటికి చిన్న దొర బయటికి వచ్చాడు. సన్నపాటి మనిషి, కళ్ళద్దాలు. నేను ఆయనను దగ్గర నుంచి చూడటం అదే మొదలు. ఏమంటాడో అని తల వంచుకున్నాను.

"నవ్విన్రా?" అన్నాడు.

"ఆ?"

"నన్ను అనుకుని నవ్విన్రా వాళ్ళు?"

"నవ్విన్రు దొరా. కండ్లల్ల నీళ్ళచ్చేదాక."

ఆయన వరండా స్తంభానికి ఆనుకుని, ఎన్నాళ్ళ నుంచో బిగబట్టినట్టున్న ఊపిరి వదిలాడు. "రెండేండ్ల సంది దుకాణం తలుపు తీసినప్పుడల్లా, ఇవాళ వస్తరేమో అనుకుంట తీస్తున్న. ఇగ రారు. నవ్వుకున్న మనిషిని సంపుడు కష్టం." తర్వాత ఇంటి లోపలికి తిరిగి, గొంతు పెంచి అన్నాడు: "ఏమే, బయటికి రా. నీ కొరడా నా పానం కాపాడింది. నువ్వే అల్లుకోవాలెనట, తీర్పు!"

దొరసాని వచ్చింది. నాతో మాట్లాడలేదు. కింద కూర్చుని ఆ బెత్తెడు అల్లింది. వంకరగానే వచ్చింది. కానీ లాగి చూస్తే ఊడలేదు. నన్ను బస్సు దాకా సాగనంపలేదు గానీ, తలుపు దగ్గర, "నీళ్ళు తాగి పో" అంది. ఆ ఇంట్లో మా వాడవాళ్ళకు గ్లాసుతో నీళ్ళిచ్చింది అదే మొదలు. దానికి ముందు చేతుల్లో పోసేవాళ్ళు. ఆ నీళ్ళలో కోపం ఎంతో, క్షమ ఎంతో నేను కొలవలేదు. తాగాను.

నేను మాట తప్పింది మంచికే అయింది అని మా ఆయన అనేవాడు. అయి ఉండొచ్చు. కానీ ఆమె నమ్మి చెప్పినదాన్ని నేను నలుగురికి చెప్పాను. మంచికైనా అది నా తప్పే. మీకు ఎవరైనా ఇలాంటి ముచ్చట చెప్పుకుంటే, ముందుగా మీ నోరు మీ అల్లిక కంటే గట్టిదో కాదో లాగి చూసుకోండి.

ఆ నలుగురిలో పొడుగాయన మరుసటి ఏడాదే పోలీసుల కాల్పుల్లో పోయాడు. నా అల్లికను చీకట్లో తడిమినా గుర్తుపట్టే మనిషి ఇంకొకడు నాకు దొరకలేదు. కొరడా మెడ అల్లేటప్పుడల్లా ఆయన బొటనవేలు గుర్తొచ్చేది.

*

చాలా ఏళ్ళకు, ఎద్దులు పోయి ట్రాక్టర్లు వచ్చి, నా కొరడాలు సంతలో బొమ్మల్లా మిగిలిపోయిన రోజుల్లో, ఒకాయన వచ్చి నా ముందు నిలబడ్డాడు. జుట్టు నెరిసింది. పొట్ట వచ్చింది. పంతులు చూపు మాత్రం పోలేదు. లొంగిపోయి, కోరుట్లలో జిరాక్స్ దుకాణం పెట్టుకున్నాడని విన్నాను గానీ, కనబడటం అదే.

"బాగున్నవా అక్కా? గుర్తువట్టినవా?"

"చెయ్యి పట్టితే గుర్తువడుత."

నవ్వాడు. ఒక కొరడా తీసి చూశాడు, పెట్టాడు. ఇంకొకటి తీశాడు, పెట్టాడు. ఎద్దులు లేని మనిషికి కొరడాల మీద అంత పరిశీలన ఎందుకో నాకు అప్పుడే అర్థమైంది. అయినా నేను సాయం చెయ్యలేదు. కొంచెం తిప్పలు పడనిద్దాం అనుకున్నాను.

"అక్కా... గా నూలుది... ఉండె గద..."

"ఏ నూలుది?"

"గదే. దండెం మీదిది."

"సంగం తలుపు దాకనే అంటివి గద తమ్మీ."

ఆయన నా ముందు మెల్లగా గొంతుక్కూర్చున్నాడు. చాలా ఏళ్ళ క్రితం దొరసాని కూర్చున్నట్టే. "ఏం జెయ్యాలె అక్కా," అన్నాడు, "ఇప్పుడు నాకూ ఒక తలుపున్నది."

అడవుల్లో పదేళ్ళు పడుకున్న మనిషి. ఆ మాట విని నేను ఇంక ఏడిపించలేకపోయాను. నాలుగడుగుల అవతల గాజుల బండి దగ్గర ఒకావిడ ఒకే జత గాజులు ఎక్కిస్తూ తీస్తూ, ఇటే చెవి పెట్టి నిలబడి ఉంది.

"ఇద్దరికీ ఇష్టమేనా? బలవంతం ఏం లేదు గద?"

తన మాట తనకే తిరిగి వచ్చిందని ఆయనకు తెలిసింది. గాజుల బండి వైపు చూశాడు. ఆవిడ చెంగు నోటికి పెట్టుకుని, తల ఊపింది.

"కొట్టేది ఎవరు?"

"గది నీకెందుకక్కా!"

"సరే. ఈ చేతితోని అల్ల, నీకెర్కనే. సిరిసిల్లకు పోయి నూలు తెచ్చుకో, పాత కండె తెచ్చుకో. వచ్చే సంతకు ఇద్దరు కలిసి రాన్రి, నేర్పుత."

వచ్చారు. చాప మీద ఎదురెదురుగా కూర్చుని, ఆమె పోగులు పట్టుకుంటే ఆయన అల్లాడు. మెడ దగ్గరికి వచ్చేసరికి వంకర పోయింది. విప్పాడు. మళ్ళీ పోయింది. నా వైపు చూశాడు.

నేను చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని, గట్టిగా కూర్చున్నాను.